మొలక కట్టి చూశారా?

2022 ఏప్రిల్ 3వ తేదీ రాత్రి మా రాజాం వాళ్లం శ్రీకాకుళం జిల్లాలో పడుకుని, మర్నాడు విజయనగరం జిల్లాలో నిద్ర లేచాం. మంచం కదల్లేదు, వీధి కదల్లేదు, పాలవాడు కూడా ఎప్పటిలాగే ఆలస్యంగానే వచ్చాడు. కాని జిల్లా మారిపోయింది.

ఇది చూసి ఊరంతా ఆశ్చర్యపోయిందేమో గాని నేను మాత్రం పోలేదు. నా ఉద్యోగమే అలాంటిది. కంప్యూటర్లలో ‘వర్చువల్ మెషీన్లు’ అని ఉంటాయి. ఒక పెద్ద సర్వరు, అందులో పాతిక ముప్పై ఉత్తుత్తి కంప్యూటర్లు. పెద్ద మండువా లోగిలిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టన్నమాట. ఏ వాటా వాళ్లు ఆ ఇల్లంతా తమదే అనుకుంటారు. అవసరమైతే ఒకదాన్ని ఈ సర్వరు మీంచి ఆ సర్వరు మీదికి, అది పని చేస్తుండగానే, దానికి తెలియకుండానే మార్చేస్తాం. మొన్న మా ఊరిని మార్చినట్టు.

ఆ కంప్యూటర్ల తాలూకు సమస్తమూ, లెక్కలూ జాబితాలూ ఫొటోలూ, ‘వాల్యూములు’ అనే అరల్లో ఉంటుంది. ఆ అరలకు కాపలా కాయడం నా పని. మా ఆవిడ దీన్ని ‘కనపడని కొట్లో గుమాస్తాగిరి’ అంటుంది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అంతకంటె మంచి నిర్వచనం నాకూ దొరకలేదు.

ఈ కొట్లో ఒక మర్మం ఉంది. ‘థిన్ ప్రొవిజనింగ్’ అంటారు. ఐదు వందల మందికి శుభలేఖలు పంచి మూడు వందల మందికి వండించడమే అది. ఒక్కొక్కరికి వంద గదులు ఇచ్చామంటాం. నిజానికి ఎవరు ఎంత వాడితే అంతే తీసి ఇస్తాం. అందరూ ఒక్కసారే రారు గదా అని ధైర్యం. ఇది మోసం కాదు, పొదుపు. కాని పంక్తిలో ఎందరు కూర్చున్నారో, గుండిగలో ఎంత అన్నం ఉందో క్షణక్షణం చూసుకుంటున్నంత కాలమే అది పొదుపు. చూడ్డం మానేసిన రోజునుంచి దాని పేరు మారిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. చెప్పుకోవడానికి గొప్పగా లేదు గనక ఇంతసేపు తాత్సారం చేశాను.

మా ఊళ్లో రిటైరైన ఒక మాస్టారున్నారు. చుట్టుపక్కల పల్లెలు తిరిగి, ఊడ్పుల్లోనూ కోతల్లోనూ ఆడవాళ్లు పాడుకునే పాటలు ఫోనులో పట్టుకొచ్చేవారు. ఆయన ఫోను చిన్నది, నాలుగు పాటలకే నిండిపోయేది. ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి, “బాబూ, ఇవి నీ కొట్లో పడేయ్” అనేవారు. మా సంస్థ వారి అనుమతితోనే వాటికో చిన్న అర కేటాయించాను. ఫోను తుడిచేసే ముందు ఆయన ప్రతిసారీ అడిగేవారు, “ఉన్నాయి గదా బాబూ?” అని. నేను తల కూడా ఎత్తకుండా “ఉన్నాయి మాస్టారూ” అనేవాణ్ణి.

ఒక రాత్రి నిజంగానే అందరూ ఒక్కసారే భోజనానికి వచ్చారు. కొట్టు నిండిపోయింది. రాసుకోవడానికి చోటు లేక యంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తెల్లారేసరికి మాస్టారి అర తెరుచుకోలేదు.

నేను బెదరలేదు. నా దగ్గర ‘స్నాప్‌షాట్’ ఉంది. తీరా చూస్తే అదీ ఆ కొట్లోనే ఉంది. స్నాప్‌షాట్ అంటే నకలు కాదండీ. పుస్తకంలో ఒక పేజీ దగ్గర గీత గీసి, ఇక్కణ్ణించి మార్పులన్నీ విడి చీటీల మీద రాయడం. పుస్తకమే పోయాక చీటీలేం చేసుకుంటాం? పైపెచ్చు ఆ చీటీలు పెరిగి పెరిగి కొట్టు నింపేసిన పాపంలో సగం వాటిదే. వీఎంవేర్ వారు ఒక స్నాప్‌షాట్‌ను డెబ్బైరెండు గంటలకు మించి ఉంచవద్దనీ, దాన్ని బ్యాకప్ అనుకోవద్దనీ చెబుతూనే ఉంటారు. నేను నెలల తరబడి ఉంచాను.

అయినా బెదరలేదు. వేరే చోట బ్యాకప్ ఉంది. రోజూ పొద్దున్నే పచ్చ టిక్కు చూసి గాని నేను కాఫీ తాగను. ఆ బ్యాకప్ తెరిచాను. నాలుగు నెలల కింద పాత అర చాలక మాస్టారికి కొత్త అర ఇచ్చాను. బ్యాకప్ జాబితాలో దాని పేరు చేర్చడం మరిచాను. పచ్చ టిక్కు అబద్ధం చెప్పలేదు. తనకు అప్పగించిన పని తను రోజూ చేసింది. పాత అర పాటలు భద్రంగా ఉన్నాయి. ఆ నాలుగు నెలల పాటలు లేవు.

వెళ్లి చెప్పాను. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నారు: “ఏటి బాబూ, వాటిల్లో మూడు పాటలు పాడిన ముసలామె మొన్న సంక్రాంతి ముందు పోయింది. యంత్రాలన్నాక పోతాయి, దానికి నిన్నేటంటాను? నువ్వు లేవని చెప్పుంటే మళ్లీ వెళ్లి పాడించుకుందును. ఉన్నాయన్నావు. అందుకే వెళ్లలేదు.”

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నేను అబద్ధమాడానా? ఇంటికి వస్తూ దారి పొడుగునా వాదించుకున్నాను. ఉన్నాయని నిజంగానే నమ్మాను గదా! నమ్మింది చెప్పడం అబద్ధం ఎలా అవుతుంది?

దీనికి సమాధానం 1877లోనే ఇచ్చాడు, విలియం కింగ్డన్ క్లిఫర్డ్ అనే ఆంగ్ల గణితవేత్త, ‘ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్’ అనే వ్యాసంలో. ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, మరమ్మతు కావాలేమోనని అనుమానం. కాని ఇన్ని ప్రయాణాలు చేసింది, ఇది మాత్రం చెయ్యదా అని మనసును జోకొట్టుకుని, హాయిగా నమ్మేసి, జనాన్ని ఎక్కించి పంపుతాడు. ఓడ మునిగిపోతుంది. అతని నమ్మకం నిజమైనదే. కాని అలా నమ్మే హక్కు అతనికి లేదంటాడు క్లిఫర్డ్. ఇంకొక మెట్టు ఎక్కి, ఓడ క్షేమంగా ఒడ్డు చేరినా సరే అతని దోషం దోషమే, కాకపోతే బయటపడదు, అంతే అంటాడు.

ఇక్కడ నాకు గొంతులో వెలక్కాయ పడింది. ఎందుకంటే కొట్టు నిండకపోయి ఉంటే మాస్టారు నన్ను ఇప్పటికీ ఊళ్లో అందరికంటె నమ్మకస్తుడి కింద లెక్కవేసేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

‘లేదు’ అనే మాట ఎదుటివాణ్ణి జాగ్రత్తపరుస్తుంది. ‘ఉంది’ అనే మాట నిద్రపుచ్చుతుంది. అంచేత ‘ఉంది’ అనేవాడు ఎదుటివాడి మెలకువను కూడా తను తీసుకుంటున్నాడు. అది తెలిసి అనాలి.

నాకంటె ఘనులు కూడా ఉన్నారు సుమండీ. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే ప్రపంచ ప్రసిద్ధమైన కంపెనీలో ఒక ఇంజనీరు, ఒక సర్వరు అనుకుని ఇంకొక సర్వరులో, సుమారు మూడు వందల గిగాబైట్ల సమాచారం చెరిపేశాడు. ఐదు రకాల కాపుదల ఉందనుకున్నారు. వెతికితే ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం ఎవరో తీసి పెట్టిన నకలు ఒకటి అదృష్టవశాత్తూ దొరికి గట్టెక్కారు. వారిలో నాకు నచ్చింది ఒక్కటే. ‘మా దగ్గర లేదు’ అని లోకమంతటికీ వెంటనే చెప్పారు. బాగుచేసుకునే తంతును కూడా దాచకుండా ప్రత్యక్షంగా చూపించారు.

అన్నట్టు, కాపుదల సంగతి మా ఊరికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోటను బుస్సీ సేనలు ముట్టడించినప్పుడు తాండ్ర పాపారాయుడు ఉన్నది ఈ రాజాంలోనే అంటారు. బొబ్బిలి ఇక్కడికి మరీ దూరమేమీ కాదు. కబురు వేళకు అందలేదు. ఆయన వెళ్లేసరికి కోట బూడిదైంది. అండ ఉండడం వేరు, వేళకు అందడం వేరు. అదే యుద్ధంలో, రంగారావుగారి పసికొడుకును ఒక ముసలాయన రాజాజ్ఞకు విరుద్ధంగా కాపాడి బయటికి తెచ్చాడని చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. అంతా ఒకే కోటలో ఉంటే అంతా ఒకే నిప్పుకు పోతుంది. ఒక్కటి బయటికి వచ్చింది గనక బొబ్బిలి మళ్లీ నిలబడింది.

ఇవన్నీ తెలియకముందే మా అమ్మమ్మకు ఇదంతా తెలుసు. విత్తనపు వడ్లు కొన్ని పురిలో, కొన్ని అటక మీద కుండలో, కొన్ని అవతలి వీధిలో మా చిన్నమ్మమ్మ ఇంట్లో ఉంచేది. తొలకరికి ముందు ఎవరైనా “విత్తనాలున్నాయా అమ్మా?” అని వస్తే, వెంటనే ఉన్నాయనేది కాదు. గుప్పెడు గింజలు నానబోసి, తడి గోనెముక్కలో చుట్టి మూలన పెట్టేది. మూడో రోజున విప్పి, తెల్లగా మొలకలు కనపడితేనే, “ఉన్నాయి, పట్టుకెళ్లు” అనేది. “కుండ నిండా ఉన్నాయి గదే!” అని తాతయ్య విసుక్కుంటే, “కుండలో ఉన్నవి గింజలు. విత్తనాలో కాదో గోనె చెప్పాలి” అనేది.

ఇప్పుడు నేనూ నెలకొకసారి గోనె విప్పుతున్నాను. బ్యాకప్‌లోంచి ఏదో ఒక అర ఎంచుకుని, ఖాళీ యంత్రంలోకి తీసి, తెరిచి చూస్తాను. మొదటిసారి చేసినప్పుడు బ్యాకప్‌కు వేసిన తాళం తాలూకు పాస్‌వర్డు ఆ సర్వరులోనే ఉందని బయటపడింది. “బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేశారా?” అంది మా ఆవిడ. ఆ ఒక్క పరీక్షకే నా జీతం గిట్టుబాటయింది.

మాస్టారు మళ్లీ వస్తున్నారు. కొత్త ఫోను కొన్నారు, పెద్దది. పాటలు నాకిస్తారు గాని తన ఫోనులోంచి తుడవరు. “ఉన్నాయి గదా” అని అడగడం మానేశారు. నేనే అంటాను, “వచ్చే ఆదివారం తెరిచి వినిపించాక చెప్తాను మాస్టారూ” అని. ఆయన నవ్వి ఊరుకుంటారు.

ఆయన అడగడం మానేసిన ఆ ప్రశ్న ఉంది చూశారూ, దాన్ని మాత్రం ఏ బ్యాకప్‌లోంచీ తిరిగి తెచ్చుకోలేకపోతున్నాను.