దారిలో పోయిన బంటు

తెల్లవారుజామున అరుగు మీదికి వస్తే, రాత్రి వదిలేసిన చదరంగం అలాగే ఉంది. మిగిలిన పావులు ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. చచ్చిన పావుల గుంపులో ఒక చొక్కా బొత్తాం. తెల్ల బంట్లలో ఒకటి ఏనాడో పోతే దాని బదులు అది ఆడుతోంది. బొత్తాం మీద సన్నగా మంచు చెమ్మ. కాకులింకా లేవలేదు.

ఆ బొత్తాం పోయిన తీరే నిద్రలోనూ మెదులుతూ ఉంది. దాన్ని మొదటి చోటు నుంచి ఒకేసారి రెండు గడులు నడిపి, మనవరాలి నల్లబంటు పక్కన నిలిపాను. తన బంటు ఐమూలగా జరిగి, నా బొత్తాం వెనకున్న ఖాళీ గడిలో కూర్చుంది. ఆ వెంటనే బొత్తాన్ని తీసి బయట పెట్టేసింది. ఎవరూ లేని గడిలోకి పోయి పక్కవాణ్ణి చంపడమేమిటి! "ఇదెక్కడి ఆటే?" అన్నాను. "రూలే తాతయ్యా" అంది, తల కూడా ఎత్తకుండా.

రూలేనట. ఫ్రెంచి మాటతో దాన్ని 'ఆన్ పాసాన్' అంటారు. దారిన పోతూ పోతూ అని అర్థం. బంటు ఒక్క గడే నడిచి ఉంటే శత్రుబంటు చేతికి చిక్కేది. రెండు గడులు దూకి తప్పించుకుంది కాబట్టి, ఒక్క గడే నడిచినట్టు లెక్కగట్టి పట్టుకోవచ్చు. చదరంగంలో పావు చచ్చిన గడిలోకి చంపిన పావు రాకపోవడం ఇదొక్క చోటే. అయితే పట్టుకునేది ఆ మరు ఎత్తులోనే. ఇంకో పని చూసుకుని తర్వాత పడదాం అనుకుంటే కుదరదు. ఆ హక్కు అప్పటికే పోయి ఉంటుంది.

యాభై ఏళ్లుగా ఆడుతున్నాను. ఇన్నేళ్లలో ఆ ఒక్క ఎత్తు హక్కు నా ముందు ఎన్నిసార్లు తెరుచుకుని, ఎన్నిసార్లు మూసుకుపోయిందో. నేను చూడలేదు. నా ఎదుట కూర్చున్నవాళ్లూ చూడలేదు. ఇద్దరికీ తెలియనిది జరిగినట్టా, జరగనట్టా?

పోగొట్టుకున్నానన్న బాధ మాత్రం, ఎంత వెతుక్కున్నా లోపల కనబడటం లేదు. మేం ఆడిన ఆటలో ఆ రూలు అవసరమే లేదేమో. చిన్నప్పుడు మా వీధిలో ఆట మొదట్లో రెండు బంట్లను చెరో గడి కలిపి నడిపేవాళ్లం. ఆ తర్వాత ఏ బంటైనా ఒక్క గడే. పుస్తకంలో లేదు, ఎవరు పెట్టారో తెలియదు, కానీ ఎవరూ మీరేవారు కాదు. రెండు గడుల దూకుడే లేని చోట దారిలో పట్టడమన్న మాట ఎలా పుడుతుంది? ఈ దేశపు పాత ఆటలో బంటు ఎప్పుడూ ఒక్కో అడుగే. ఆట చురుగ్గా సాగాలని యూరపులో దానికి రెండు గడుల దూకుడిచ్చారు. ఇచ్చాక, అది కాపలాను దాటిపోతోందని ఈ చిన్న గొళ్లెం పెట్టారు. ఆ గొళ్లెం కూడా అందరూ ఒక్కసారే పెట్టలేదు. ఇటలీ వాళ్లు 1880 దాకా ఒప్పుకోలేదు.

ఆ పాత ఆటలో ఇంకొకటి ఉండేది. అది తలుచుకుంటే ముచ్చటేస్తుంది. రాజుకు ఆట మొత్తం మీద ఒక్కసారి, ఒక్కసారే, గుర్రంలా గెంతే వీలు. అప్పటిదాకా అతనికి ఒక్క చెక్ కూడా తగిలి ఉండకూడదు. తగిలిందా, గెంతు లేదు. అంత నెమ్మదస్తుడు, గడి గడీ లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు, ఒక్క క్షణం గుర్రమై పోవడం! చాలామంది రాజులు ఆ గెంతు వాడకుండానే పోయి ఉంటారు. దాచుకుని దాచుకుని ఉండగా ఎవడో చెక్ అనేసి ఉంటాడు.

మీర్ సుల్తాన్ ఖాన్ గుర్తొస్తాడు. పంజాబులో ఈ దేశపు పద్ధతిలోనే ఆట నేర్చుకున్నవాడు. యూరపు రూళ్లు ఆ తర్వాతే. 1929లో లండన్ వెళ్లి, ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్లీ అయ్యాడు. మధ్యలో హేస్టింగ్స్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ కపాబ్లాంకానే ఓడించాడు. తర్వాత తిరిగొచ్చి, 1966లో పోయేదాకా ఎక్కువగా ఊళ్లోనే ఉండిపోయాడు. గెలుపుల సంగతి అలా ఉంచితే, నా ఆలోచనంతా అతని వేళ్ల మీదే. చిన్ననాటి నుంచి ఒక్క అడుగుకే అలవాటుపడిన చేయి, మొదటిసారి బంటును రెండు గడులు నడిపేటప్పుడు ఓ క్షణం ఆగిందా? ఎక్కడో పక్కింటి గుమ్మంలోకి అడుగుపెట్టినట్టు అనిపించిందా?

పాలవాడి సైకిల్ గంట వినబడింది. తూర్పున చింతచెట్టు ఆకులు ఇప్పుడే విడివిడిగా తెలుస్తున్నాయి.

ఇంట్లో ఇంకో ఆట ఉంది, మోనోపలీ. ఊళ్లూ వీధులూ కొనుక్కునేది. దాని అట్టపెట్టెలోని రూళ్ల కాగితం ఎవరూ చదవరు. ఒక చోట దిగినవాడు దాన్ని కొననంటే, బ్యాంకు అప్పటికప్పుడు వేలం వేయాలని అందులో ఉంది. మా ఇంట్లో ఏనాడూ వేయలేదు. ఆట తెల్లార్లూ సాగుతోందని విసుక్కుంటాం. అలా సాగడానికి ఈ వదిలేసిన రూలు కూడా ఒక కారణమే. ఇళ్లు కూడా పెట్టెలో 32 మాత్రమే. అయిపోతే లేనట్టే. బొత్తాలూ గింజలూ పెట్టి కొత్తవి కట్టడానికి లేదు. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. బొత్తాంతో బంటు పని నడిపించేవాణ్ణి మరి.

చదరంగం దగ్గరికే వస్తాను. 50 ఎత్తుల రూలొకటి ఉంది. ఇద్దరూ చెరో 50 ఎత్తులు వేసినా ఒక్క పావూ చావక, ఒక్క బంటూ కదలక ఉంటే, ఇద్దరిలో ఎవరైనా ఇక డ్రా అని అడగొచ్చు. 1561లోనే రూయ్ లోపెజ్ అనే స్పెయిన్ పాదిరీ తన పుస్తకంలో ఈ 50 లెక్క రాశాడు. ఎవరో ఒకరు అడగాలి. అడగకపోతే ఆట సాగుతూనే ఉంటుంది. 2014 నుంచి అలాంటివి చెరో 75 నిండితే అడక్కపోయినా ఆట ముగిసినట్టే.

చావు, బంటు అడుగు. ఈ రెండింటినే ఎందుకు లెక్కలోకి తీసుకున్నారా అని చాలాసేపు ఆలోచించాను. గుర్రం ఎంత దూరం వెళ్లినా వెనక్కి రాగలదు. మంత్రీ అంతే. ఏనుగు అటూ ఇటూ తిరిగి మళ్లీ మొదటి గడిలోనే నిలబడగలదు. బంటు మాత్రం వెనక్కి రాలేదు. చచ్చిన పావూ అంతే. తిరిగి రానిది ఒకటి జరిగినప్పుడల్లా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. తక్కినదంతా ఎంత హడావిడి పడ్డా లెక్కలో ఏమీ జరగనట్టే. నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా నేను చేసిన పనుల్లో బంటు అడుగులు ఎన్ని? బహుశా ఒకటి కూడా లేదు. ఉండాలా? అదీ తెలియదు. వెనక్కి రాగల ఎత్తులతో గడిచిన రోజు కూడా హాయిగానే ఉంది.

కంప్యూటర్లు ఏడు పావుల ఆటలను తుదకంటా లెక్కగట్టినప్పుడు ఒక వింత బయటపడింది. కొన్ని చోట్ల గెలుపు ఖాయమే. కానీ ఇరువైపులా తప్పు లేకుండా ఆడితే, మొదటి పావు చావడానికే 500కు పైగా ఎత్తులు పడతాయి. 50 లెక్క ముందు ఆ గెలుపు చేతికందదు. ఉంది, కానీ అందదు. ఆగిపొమ్మన్న లెక్క సరైనదా, అంత దూరాన దాక్కున్న గెలుపు సరైనదా అని ఒకప్పుడైతే వాదించేవాణ్ణి.

ఇక కదలలేనివాడి సంగతి. రాజుకు చెక్ లేదు, కానీ ఆడటానికి రూలు ఒప్పే ఎత్తు ఒక్కటీ లేదు. దీన్ని స్టేల్‌మేట్ అంటారు, నేడు డ్రా. నాకిది ఎప్పుడూ ప్రకృతి ధర్మంలా తోచేది. కానీ ఇంగ్లండులో 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం తొలి ఏళ్ల దాకా, అవతలివాణ్ణి అలా ఊపిరాడకుండా చేసినవాడే ఓడిపోయినట్టు లెక్క. రెండు వందల ఏళ్లు అలాగే ఆడారు. వాళ్లకది ధర్మమే అయి ఉంటుంది.

మా మామయ్య ఒకరు రాజు ఇరుక్కున్నప్పుడల్లా "ఆటకట్టు" అని బల్ల మీద అరచేత్తో కొట్టేవాడు. చెక్ ఉందా లేదా చూసేవాడు కాదు. నేనూ ఓడాననే లేచేవాణ్ణి. ఆ సాయంత్రాల్లో కొన్ని డ్రాలు ఉండే ఉంటాయి. మామయ్య లేడు. ఇప్పుడు తెలిసి ఆ ఓటములను సవరించుకోవాలని లేదు. ఆయన అరచేతి చప్పుడుతో సహా అవి అలాగే బాగున్నాయి.

వెలుగు గడుల మీదికి వచ్చింది. నల్ల గడులు ముందు, తెల్ల గడులు ఆ తర్వాత వెచ్చబడతాయి కాబోలు. వేలు పెట్టి చూశాను, తేడా తెలియలేదు. పక్కనున్న బొత్తాన్ని తీసి, తుడిచి, అది ఒక్క గడే నడిచి ఉంటే ఎక్కడుండేదో అక్కడ పెట్టబోయాను. ఆ గడిలో మనవరాలి నల్లబంటు కూర్చుని ఉంది.

లోపల మంచం కిర్రుమంది. ఇంకో పది నిమిషాల్లో కళ్లు నులుముకుంటూ వస్తుంది. ఎత్తు నాది. బొత్తాన్ని తిరిగి చచ్చిన పావుల మధ్యే పెట్టి, ఆమె చూస్తే అడుగుతుందని కాస్త తడి కూడా మిగల్చకుండా వేలు పంచెకు తుడుచుకున్నాను.