టిఫిన్ డబ్బాలో షామీ

గోష్త్ తక్కువైనప్పుడు ముక్క చిన్నదవుతుంది. షామీ కబాబ్ గురించి నవాబుల కథలు చెప్పేవాళ్లని చెప్పుకోనీయండి. మా గల్లీ ఇళ్లలో అది బతికింది మాత్రం ఈ లెక్క వల్లే. పావు కిలో కీమాలో రెండు గుప్పిళ్ల శనగపప్పు, ఇంత అల్లం వెల్లుల్లి, నాలుగు ఎండు మిరపకాయలు, ఓ దాల్చిన చెక్క వేసి నీళ్లు ఇగిరేదాకా ఉడికించి, రోట్లో మెత్తగా నూరి, పుదీనా కొత్తిమీర కలిపి, అరచేతిలో తట్టి, గుడ్డు సొనలో ముంచి పెనం మీద కాలిస్తే పదహారు చిన్న బిళ్లలు. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో మనిషికి రెండు. అదే పావు కిలోని ముక్కల కూర వండి చూడండి. పెద్దవాళ్లకి ముక్క, పిల్లలకి షోర్బా, వండినామెకి గిన్నె అడుగు.

ముక్కల కూరలో న్యాయం ఉండదు. నల్లీ బొక్క అబ్బాకి, మెత్తటి ముక్క మగపిల్లాడికి, మెడ ముక్క ఆడపిల్లకి. దస్తర్‌ఖాన్ చుట్టూ అందరం నేల మీద సమానంగానే కూర్చుంటాం, గరిటె మాత్రం సమానంగా తిరగదు. కీమాలో మంచి ముక్క చెడ్డ ముక్క అని ఉండదు. లెక్కపెట్టి పంచొచ్చు. తనకి రెండే ఎందుకొచ్చాయని ఆడపిల్ల అడగొచ్చు. మా ఆడవాళ్లు దీన్ని సమానత్వం అని పిలవలేదు, పిల్లలకి నమలడానికి సుళువు అన్నారు. అదీ నిజమే. పాలపళ్లకి ముక్క లొంగదు. బొక్క పెళుసులు గొంతులో గుచ్చుకుంటాయి. గుండ్రటి కోఫ్తా అయినా నాలుగేళ్ల లోపు పిల్లలకి అడ్డం పడుతుంది, చిదిమే పెట్టాలి. (ఉర్దూలో బోటీ అంటే ఏ మాంసం ముక్కైనా. తెలుగులో బోటి అంటే పేగులు. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలం, ఒక్క మాటతో రెండు కూరలు తిన్నాం.)

ఇంతవరకు ఇంటి గొడవ. అసలు ప్రశ్న ఆ బిళ్ల గడప దాటి బడికి పోయినప్పుడు మొదలవుతుంది.

షామీ చూడటానికి మసాలా వడలా ఉంటుంది. ఆ పోలికే ఇప్పుడు దానికి కొత్త పని కల్పించింది. పుదీనా ఇంకాస్త ఎక్కువ వేసి, వాసన తెలియకుండా చల్లార్చి, డబ్బాలో పెట్టి అమ్మీ చెప్తుంది: "ఎవరన్నా అడిగితే ఆలూ టిక్కీ అని చెప్పు బేటా." చిన్న నోటి కోసం చేసిన ముక్క, చిన్న నోట అబద్ధం చెప్పించే ముక్క అయింది.

ఆ తల్లిని నేను తప్పు పట్టను. ఆమె భయం ఊహల్లోంచి పుట్టింది కాదు. 2015 సెప్టెంబరులో దాద్రీ దగ్గరి బిసాడా గ్రామంలో మహమ్మద్ అఖ్లాక్‌ని ఇంట్లోంచి ఈడ్చి కొట్టి చంపారు. ఆ తర్వాత అది ఏ మాంసమో తేల్చడానికి ప్రయోగశాలకి పంపారు. మనిషి ప్రాణం కంటే ముక్క జాతి తేలడం ముఖ్యమైపోయింది. 2024 సెప్టెంబరులో అమ్రోహాలో ఒక చిన్న పిల్లవాణ్ణి డబ్బాలో మాంసాహారం తెచ్చాడని ప్రైవేటు బడివాళ్లు వెళ్లగొట్టారని వార్తలొచ్చాయి. ఇవి చదివిన తల్లి డబ్బా మూత కాస్త గట్టిగానే బిగిస్తుంది.

అవన్నీ ఉత్తరాది సంగతులంటారా? 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లే. ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు వరసలో నిలబడేది ఒక్క సాయిబులేనా? ముక్క లేనిదే ముద్ద దిగదనే మాట ఎవరి ఇంట్లోది? అలాంటి చోట కూడా "మా బళ్లో వెజ్ మాత్రమే" అని మర్యాదగా చెప్పే బళ్లున్నాయి. ఆ మర్యాద ఎవరి ముక్కు పెట్టి వాసన చూస్తోంది? పెద్దకూర తినే దళిత పిల్లల్ని అడగండి, మాకంటే ముందే డబ్బా మూయడం నేర్చుకున్నవాళ్లు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే గొడవలైందీ ఆ మూత తెరిచినందుకే.

మరి పిల్లకి ఏం చెప్పాలి? ప్రాణం మీదికొచ్చినప్పుడు అబద్ధం ఆడితే ఏ నీతిశాస్త్రమూ తప్పనదు. కానీ ఆరేళ్ల పిల్లకి ప్రమాదానికీ తప్పుకీ తేడా తెలియదు. దాచమంటే, ఇది దాచాల్సిన పాడు వస్తువు అనే అర్థం చేసుకుంటుంది. ఆ తర్వాత అమ్మీ చేతుల వాసనని కూడా దాచుకుంటుంది. నా మటుకు నాకు, భయం ఉన్నచోట షామీని డబ్బాలో పెట్టకపోవడమే నయం. పప్పన్నం పెట్టండి, ఎందుకు పెట్టారో ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. దొంగ పేరుతో మాత్రం పంపకండి.

పేరు దాచడం ఇంకో రకంగానూ జరుగుతోంది. దానికి మతం అడ్డం లేదు. కోడిని గుర్తుపట్టకుండా బిళ్లలుగా, పుల్లలుగా, నక్షత్రాలుగా చేసి పట్నం పిల్లలకి పెడుతున్నారు. చచ్చిన ప్రాణి సంగతి వాళ్ల చెవిన పడదు. మా పిల్లలకి ఆ సౌకర్యం లేదు. బక్రీద్‌కి వారం ముందే మేక ఇంటికొస్తుంది. పిల్లలు ఆకులు మేపుతారు, పేరు పెడతారు. పండగ నాడు కొందరు ఏడుస్తారు. ఏడవనివ్వాలి. తిననంటే ఊరుకోవాలి.

ఇక్కడ మావాళ్లతోనే నాకు పేచీ. తిననన్న పిల్లని "ముసల్మాన్ ఇంట్లో పుట్టి గోష్త్ తినవా?" అని నిలదీసే పెద్దలున్నారు. నమాజు ఫర్జ్, రోజా ఫర్జ్. గోష్త్ తినడం ఎక్కడ ఫర్జ్ అయింది? ఖుర్బానీ కూడా స్తోమత ఉన్నవాళ్లకే. అందులోనూ ఒక వంతు ఇంటికి, ఒకటి చుట్టాలకి దోస్తులకి, ఒకటి పేదలకి పంచడమే ఆనవాయితీ. బయటివాడు మమ్మల్ని ముక్కతో కొలుస్తున్నాడని కోపగించుకునే మేం, మా పిల్లని అదే ముక్కతో ఎందుకు కొలుస్తున్నాం? దాద్రీలో ప్రయోగశాల చేసిన పనినే దస్తర్‌ఖాన్ మీద మేమూ చేస్తున్నామా?

పోయిన బక్రీద్‌కి మా బంధువుల ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్ల తను మేపిన మేక అని షామీ ముట్టలేదు. మామూలు ప్రశ్నలన్నీ మొదలయ్యాయి. ఒక చాచా దీన్ గురించి కూడా ఎత్తుకున్నాడు. నానీమా ఎవరి మాటా వినిపించుకోకుండా పిల్ల పళ్లెంలో అన్నం పెట్టి ఖట్టీ దాల్ పోసింది. ఆ మాటకొస్తే ఆ ఇంట్లో నెలకి ఇరవై రోజులు అందరి కూరా అదే.