అందిన మాటకు ప్రామాణ్యం ఎక్కడిది?

ఇన్‌స్టంట్ మెసేజింగ్ క్లయింట్‌కు నెట్‌వర్క్ నుంచి అందేవి బైట్లు. అది తెరపై చూపేది మాత్రం ఒక మనిషి మాట. బైట్ల వరుసను చూసి ‘ఈ మాట ఫలానా వారు అన్నారు’ అని ప్రకటించే అధికారం ఆ ప్రోగ్రామ్‌కు ఎక్కడి నుంచి వచ్చింది? ఇది ఇంజనీర్ల ముందున్న ప్రశ్న. అంతకంటే ముందు ప్రమాణశాస్త్రం వేసుకున్న ప్రశ్న: విన్న మాట ఎప్పుడు జ్ఞానమవుతుంది?

న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. వీటిలో శబ్దమంటే ఆప్తుడి వాక్యం. తెలుగు పండితుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ నేటికీ తర్కం చదివేవారికి తొలి పాఠ్యగ్రంథం. వాక్యం అర్థాన్ని కలిగించాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు ఉండాలని ఆ గ్రంథం చెబుతుంది. వక్త ఉద్దేశమైన తాత్పర్యాన్ని కూడా నైయాయికులు వీటితో కలిపి చర్చించారు. వచ్చే ప్యాకెట్లతో క్లయింట్ చేయవలసిన పనులు దాదాపు ఈ క్రమంలోనే ఉంటాయి. వాటిని స్పష్టంగా చూడటానికి ఎక్స్‌ఎంపీపీ ప్రోటోకాల్ మంచి ఉదాహరణ. జెరెమీ మిల్లర్ 1999లో జాబర్ పేరుతో లోకానికి అందించిన ఈ పద్ధతిని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2004లో ప్రామాణికం చేసి, 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6120, 6121 పత్రాలుగా సవరించింది.

మొదటిది ఆకాంక్ష. ఒక పదం తన అర్థం పూర్తి కావడానికి మరో పదాన్ని కోరుకోవడమే ఆకాంక్ష. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా పలికితే ఒక పదానికి మరో పదం అవసరం లేదు కాబట్టి అది వాక్యం కాదు. ప్యాకెట్ల సంగతీ ఇంతే. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ సాధారణంగా 1500 బైట్లకు మించదు. పంపినవారి వాక్యం ఎక్కడ ముగిసిందో ప్యాకెట్ అంచుకు తెలియదు. ఒకసారి చదివిన బైట్లలో సగం సందేశమే ఉండవచ్చు, రెండు సందేశాలూ మూడోదాని మొదటి అక్షరాలూ ఉండవచ్చు. కాబట్టి క్లయింట్ వచ్చినదాన్ని బఫర్‌లో ఉంచి, ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉండే సందేశంలో తెరిచిన ప్రతి ట్యాగుకూ ముగింపు ట్యాగు దొరికే వరకు ఎదురుచూస్తుంది. అలా పూర్తయిన ఖండాన్ని ఎక్స్‌ఎంపీపీలో స్టాంజా అంటారు. మాటకు కొలత స్టాంజా. ప్యాకెట్ దాన్ని మోసుకొచ్చే వాహనం. వచ్చినంత మేర చదివి అదే మొత్తమనుకునే క్లయింట్ చిన్న సందేశాలతో, మంచి నెట్‌వర్క్‌లో ఏళ్ల తరబడి సరిగ్గా నడిచి, పొడవైన సందేశం వచ్చిన రోజున తప్పుతుంది.

రెండోది సన్నిధి. ‘ఆవును’ అని ఇప్పుడు, ‘తీసుకురా’ అని కొన్ని గంటల తర్వాత పలికితే వినేవాడికి వాక్యార్థం కలగదు. పదాలు ఎడం లేకుండా, వరుసలో అందాలి. ఈ భారాన్ని చాలావరకు కింది పొరలోని టీసీపీ అనే రవాణా ప్రోటోకాల్ మోస్తుంది. ప్రతి బైటుకూ 32 బిట్ల లెక్కలో ఒక వరుస సంఖ్య ఉంటుంది. ముందువెనకలుగా వచ్చిన ప్యాకెట్లను సరిచేసి, తప్పిపోయిన వాటిని మళ్లీ పంపించుకుని, పైపొరకు ఒకే ధారగా అందిస్తుంది. అయితే కనెక్షన్ తెగిపోయి మళ్లీ కలిసినప్పుడు టీసీపీ వరుస అక్కడితో ముగుస్తుంది. మనిషి ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడు సర్వర్ దాచిన సందేశాలు ఆలస్యంగా వస్తాయి. వాటిపై అసలు సమయం ముద్ర ఉంటుంది. దాన్ని చూడకుండా అందిన క్షణాన్నే అన్న క్షణంగా చూపిస్తే, నిన్నటి ప్రశ్న నేటి జవాబు కింద కూర్చుంటుంది. సన్నిధికి హద్దు కూడా కావాలి. ఎన్నటికీ ముగియని స్టాంజా కోసం మెమరీనంతా ఖర్చు చేయడం వివేకం కాదు. సర్వర్లు స్టాంజా పరిమాణానికి పరిమితి పెట్టవచ్చు, కానీ అది 10,000 బైట్లకు తగ్గకూడదని ఆర్‌ఎఫ్‌సీ 6120 నియమం. ఓపికగా వినమని, ఆ ఓపికకు ఒక ఎల్ల ఉంచమని దాని భావం.

మూడోది యోగ్యత. ‘నిప్పుతో తడుపుతున్నాడు’ అనే వాక్యంలో వ్యాకరణం సరిగానే ఉన్నా నిప్పుకు తడిపే యోగ్యత లేదు. క్లయింట్ దగ్గర ఈ పరీక్ష రెండు మెట్లుగా జరుగుతుంది. ఎక్స్‌ఎంఎల్ నిర్మాణమే చెడితే, సర్వర్‌తో తెరిచిన ధార అయిన స్ట్రీమ్‌ను మూసేయాలి. అటుపై వచ్చేది ఏదైనా ఊహాగానమే అవుతుంది. నిర్మాణం బాగుండి లోపలి అంశం మాత్రం తెలియనిదైతే తీర్పు వేరు. మామూలు సందేశంలో తెలియని అంశాన్ని పక్కన పెట్టి ముందుకు సాగాలి. ఐక్యూ అనే అడుగు-చెప్పు రకం స్టాంజాలో తెలియని విన్నపం వస్తే ఊరుకోకూడదు. ఆ సేవ తన దగ్గర లేదని తప్పనిసరిగా బదులివ్వాలి. తెలియనిదాని ఎదుట మౌనం ఎక్కడ మర్యాదో, ఎక్కడ బాధ్యత నుంచి తప్పించుకోవడమో ఈ నియమం వేరుచేసి చూపుతుంది.

ఇక తాత్పర్యం. ఒకే అక్షరాలు వేర్వేరు ఉద్దేశాలతో రావచ్చు. పంపిన సందేశం చేరకపోతే సర్వర్ దాన్ని ‘ఎర్రర్’ రకం స్టాంజాగా తిప్పి పంపుతుంది. అందులో పంపినవారి అసలు మాటలు యథాతథంగా ఉండవచ్చు. రకాన్ని చూడకుండా లోపలి వాక్యాన్ని మాత్రమే చదివే క్లయింట్, మనిషి తాను అన్న మాటనే అవతలివాడి జవాబుగా చూపిస్తుంది. వాక్యమంతా నిజమైనదే, ఒక్క అక్షరం మారలేదు, అయినా కలిగిన జ్ఞానం భ్రమ.

ఈ నాలుగూ కుదిరితే అర్థం కలుగుతుంది. అర్థం కలిగినంత మాత్రాన అది ప్రమాణం కాదు. చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి. అంతకంటే ముందు, చెప్పినవాడు నిజంగా ఎవరో తేలాలి. పరిచయస్తుల జాబితాను మార్చమనే ఆదేశం యూజర్ సొంత ఖాతా నుంచి కాక మరెక్కడి నుంచి వచ్చినా పట్టించుకోవద్దని ఆర్‌ఎఫ్‌సీ 6121 ఆజ్ఞాపిస్తుంది. ఇలాంటి పరీక్ష లేకపోతే ఏమవుతుందో 2017లో బయటపడింది. ఒకే మనిషి ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ సంభాషణ కనిపించేలా సందేశాల నకళ్లను పంపే ‘కార్బన్స్’ అనే ఏర్పాటు ఎక్స్‌ఎంపీపీలో ఉంది. ఆ నకలు తన సొంత ఖాతా పేరుతోనే వచ్చిందా అని సరిచూడటం పలు క్లయింట్లు మరచాయి. ఫలితంగా ఎవరైనా ఒక నకలు లాంటి స్టాంజాను కల్పించి, లోపల మరొకరి పేరు పెట్టి, వారే మాట్లాడినట్లు భ్రమ కలిగించగలిగేవారు. మాట లోపల రాసి ఉన్న పేరును, మాటను తెచ్చిన దారి నిర్ధారించిన పేరుతో పోల్చకపోవడమే ఆ లోపమంతటికీ మూలం.

ఇక్కడ ఒక పాత వాదం కొత్త ప్రాణంతో నిలుస్తుంది. జ్ఞానానికి ప్రామాణ్యం దానంతట అదే ఉంటుందని 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు వాదించాడు. బాధకమైన మరో జ్ఞానం కలిగితేనో, పుట్టిన కారణంలో దోషం కనబడితేనో తప్ప దాన్ని శంకించనక్కర్లేదన్నాడు. నైయాయికులు ఒప్పుకోలేదు. ప్రామాణ్యం వెలుపలి సాక్ష్యంతో, సఫలమైన ప్రవృత్తితో తేలాలన్నారు. ఇంటర్నెట్ తొలినాళ్ల రూపకర్తల్లో ఒకడైన జాన్ పోస్టెల్ 1980లో టీసీపీ పత్రంలో రాసిన సూత్రం మొదటి పక్షానికి దగ్గరది. పంపేటప్పుడు నియమంగా ఉండమని, స్వీకరించేటప్పుడు ఉదారంగా ఉండమని దాని సారం. ఆ ఔదార్యమే తప్పులను స్థిరపరిచి ప్రోటోకాల్‌ను బలహీనం చేస్తుందని 2023 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9413 హెచ్చరించింది.

మంచి క్లయింట్ నడక చూస్తే రెండు పక్షాలకూ చోటుంది, కానీ చోట్లు వేరు. ప్రతి బైటునూ మరో సాక్షితో రుజువు చేయించాలంటే ఆ సాక్షికి ఇంకో సాక్షి కావాలి. సంభాషణ మొదలే కాదు. అందుకే అర్థం చేసుకునే విషయంలో కుమారిలుడి దారి సరైనది. ఎవరన్నారో తేల్చే విషయంలో మాత్రం వెలుపలి సాక్ష్యం లేనిదే నమ్మరాదు. అక్కడ తప్పు జరిగితే నష్టపోయేది ఆ మాట అననే అనని మూడో మనిషి. తన గురించి సాక్ష్యం చెప్పుకునే అవకాశం అతడికి ఆ క్షణంలో ఉండదు. ఔదార్యం రూపం పట్ల చూపాలి; కర్తృత్వం పట్ల కఠినంగా ఉండాలి.

స్వీకరించడమనే పని అక్కడితో ముగియదు. ఎక్స్‌ఎంపీపీలో స్ట్రీమ్ మేనేజ్‌మెంట్ అనే విస్తరణ ప్రకారం క్లయింట్ తాను ఎన్ని స్టాంజాలను స్వీకరించి బాధ్యత తీసుకుందో సంఖ్యగా సర్వర్‌కు చెబుతుంది. టీసీపీ ఇచ్చే అంగీకారం దీనికి సరిపోదు. బైట్లు యంత్రానికి చేరాయని అది చెప్పగలదే గాని, మాట ప్రోగ్రామ్ చేతికి వచ్చిందని చెప్పలేదు. అంచుల్లో ఉన్నవారే పూర్తి చేయగల పనిని మధ్యదారి పూర్తి చేయలేదని కంప్యూటర్ శాస్త్రజ్ఞులు సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984లో ప్రచురించిన సిద్ధాంతం ఇదే. సందేశాన్ని భద్రంగా దాచకముందే అంగీకారం పంపిన క్లయింట్ ఆ తర్వాత ఆగిపోతే మాట శాశ్వతంగా పోతుంది. దాచాక పంపితే, మధ్యలో కనెక్షన్ తెగినప్పుడు అదే మాట రెండోసారి రావచ్చు. గుర్తింపు సంఖ్య చూసి ఆ రెండోదాన్ని వదిలేయవచ్చు. మాట పోవడం కంటే రెండుసార్లు రావడం మేలు కాబట్టి రెండో పద్ధతే న్యాయం.

అయినా సంపూర్ణ నిశ్చయం దొరకదు. అంగీకారం చేరిందో లేదో తెలియాలంటే దానికి మరో అంగీకారం కావాలి, దానికి ఇంకొకటి. నమ్మలేని దారిలో సందేశాలు పంపుకునే ఇద్దరికి ఉమ్మడి నిశ్చయం అసాధ్యమని 1970లలోనే ‘ఇద్దరు సేనానుల సమస్య’ ద్వారా శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఎక్కడో ఒకచోట ఆగి, నమ్మి, వ్యవహరించాలి.

యంత్రం చేయగలిగినదంతా చేశాక కూడా ఒకటి మిగులుతుంది. ఎన్‌క్రిప్షన్, సంతకం, వరుస సంఖ్యలు కలిసి ఈ మాట ఫలానా తాళంచెవి గలవారిదని, మధ్యలో మారలేదని స్థాపించగలవు. అది సత్యమని స్థాపించలేవు. న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడి దృష్టిలో ఆప్తుడంటే వస్తువును ఉన్నది ఉన్నట్లు తెలుసుకున్నవాడు, తెలిసినది తెలిసినట్లు చెప్పగోరేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమని కూడా ఆయన అన్నాడు. పుట్టుకనో పదవినో చూసి ఆప్తత్వం రాదు. ధ్రువీకరించిన ఖాతా అయినంత మాత్రానా రాదు. తెలివిని, నిజాయితీని పరీక్షించే ప్యాకెట్ ఏదీ లేదు. వక్త ఎవరో నిర్ధారించి మాటను చెక్కుచెదరకుండా అందించడం క్లయింట్ ధర్మం. ఆ వక్త ఆప్తుడా కాదా అని విచారించడం, విచారించకుండా ఆ మాటను మరొకరికి పంపకపోవడం చదివే మనిషి ధర్మం.