శుశ్రూష, కూలి, సహకారం

మన భాషలో "శుశ్రూష" అన్న మాటకు ధాత్వర్థం వినాలనే కోరిక. గురువు మాట వినడం నుంచి గురువుకు లోబడి ఉండడం, లోబడి ఉండడం నుంచి కాళ్లు పట్టడం, అక్కడినుంచి రోగి మంచం పక్కన రాత్రంతా మేలుకొని ఉండడం - ఇంత దూరం నడిచి వచ్చింది ఈ మాట. "సేవ" సంగతీ ఇంతే. దేవుడికి చేసేదీ సేవే, దొరకు చేసేదీ సేవే. ఒక పనికి ఇంత పవిత్రమైన పేరు పెట్టిన సమాజం ఆ పని చేసేవారికి సరైన కూలి ఇవ్వకపోవడంలో ఆశ్చర్యం లేదు. పవిత్రమైన పనికి బేరమాడటం తప్పు గదా! ఈ నీతి ఎవరికి లాభసాటియో వేరే చెప్పనక్కరలేదు.

చాలాకాలం ఈ పని ఇంటి ఆడవాళ్ల మీద పడి ఉండేది. కోడలు చేసేది, పెళ్లికాని కూతురు చేసేది, భర్త పోయి పుట్టింటికి చేరిన మేనత్త చేసేది. వారి శ్రమ ఏ లెక్కలోకీ రాలేదు. ఉమ్మడి కుటుంబం చెదిరింది. పిల్లలు బెంగుళూరుకో డల్లాసుకో వెళ్లారు. హైదరాబాదులోనో విజయవాడలోనో తండ్రి మంచాన పడితే ఏజెన్సీకి ఫోను చేస్తున్నారు. ఏజెన్సీ ఒక అమ్మాయిని పంపుతుంది. పన్నెండు గంటల షిఫ్టు. కొన్ని ఇళ్లలో రాత్రీ పగలూ అక్కడే. కుటుంబం ఇచ్చే డబ్బులో ఆమె చేతికి ఎంత చేరుతున్నదో కుటుంబానికి తెలియదు. కుటుంబం ఎంత ఇస్తున్నదో చాలాసార్లు ఆమెకు తెలియదు. ఇద్దరి అజ్ఞానం మీద మూడోవాడు బతుకుతున్నాడు.

ఇక్కడే సహకార సంఘం అన్న ఆలోచన వస్తుంది. మూడోవాణ్ణి తొలగిస్తే సరిపోతుంది గదా అంటారు. మందుల షాపు విషయంలో ఈ వాదం చాలా దూరం నిలుస్తుంది. మందు తక్కిన సరుకుల వంటిది కాదు. ఎంచేది డాక్టరు, డబ్బు కట్టేది రోగి. "ఇది వద్దు, పక్క షాపులో చూస్తాను" అనే స్వాతంత్ర్యం జ్వరంతో ఉన్నవాడికి ఉండదు. ప్రభుత్వ నియంత్రణ ఎంతవరకు ఉన్నదో చూడండి. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుకు గరిష్ఠ ధర కట్టేటప్పుడు తయారీ ఖర్చు చూడరు. మార్కెట్టులో నూటికి ఒక వంతైనా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దాని మీద దుకాణదారుకు 16 శాతం కలుపుతారు. అంటే మార్కెట్టును అదుపు చేయడానికి మార్కెట్టునే సాక్షిగా పిలిచారు! బ్రాండు పేర్లను క్రమంగా తొలగించాలని హాథీ కమిటీ 1975లోనే చెప్పింది. సోవియట్ సహాయంతో బాలానగర్‌లో వెలసిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారంలో పని నేర్చినవారు బయటికి వచ్చి ప్రైవేటు కంపెనీలు పెట్టి ఎదిగారు, ఐ.డి.పి.ఎల్.ను మూసివేయాలని మాత్రం కేంద్రం 2016లో నిర్ణయించింది. దేశానికి మందులు చేసి పంపే హైదరాబాదులో సామాన్యుడు మందుచీటీ చూసి భయపడే స్థితి ఇందువల్లనే వచ్చింది.

కొనేవారంతా కలిసి పెట్టుకున్న షాపు ఈ స్థితిలో నిజమైన రక్షణ. 1844లో రాచ్‌డేల్ నేతగాళ్లు కల్తీలేని పిండి కోసం చేసిన పనిని మాత్రలకు చేయడమే ఇది. కేరళలో కన్స్యూమర్‌ఫెడ్ నడిపే మందుల షాపులకు "నీతి" అని పేరు. మలయాళంలో ఆ మాటకు న్యాయం అని అర్థం. మనకు మాత్రం అది పిల్లల వాచకంలోని పాఠం!

కాని ఈ రక్షణకు కాపలా ఎవరు? బ్రిటన్ కో-ఆపరేటివ్ గ్రూపుకు లక్షల్లో సభ్యులున్నారు, వందల్లో మందుల షాపులుండేవి. ఆ ఉద్యమపు బ్యాంకు 2013లో భారీ నష్టాల్లో కూరుకుపోయింది. 2014లో షాపులన్నిటినీ 62 కోట్ల పౌండ్లకు బెస్ట్‌వే అనే ప్రైవేటు సంస్థకు అమ్మివేశారు. అమ్మకం చట్టబద్ధమే. అయితే ఆ షాపులో మాత్రలు కొనుక్కునే ముసలమ్మ తాను దానికి యజమానినని ఏనాడైనా అనుకున్నదా? అనుకోకపోతే ఆమె దృష్టిలో మారింది బోర్డు మీది పేరు మాత్రమే.

శుశ్రూష దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకా లోతైనది. మందుల సంఘం కొనేవారిది. చౌకదనం దాని ధర్మం. శుశ్రూష సంఘం పనిచేసేవారిది కావాలి. కూలి పెంచుకోవడం దాని ధర్మం. మంచంమీది రోగికి చౌకగా కావాలి, మంచం పక్కన కూర్చున్నామెకు న్యాయంగా కావాలి. ఇద్దరూ పేదలే కావచ్చు. ఏజెన్సీ యజమానిని గెంటివేసినంత మాత్రాన ఈ వైరుధ్యం మాయం కాదు. అంతవరకు అతని వెనుక దాగి ఉన్నది ముందుకు వస్తుంది.

న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతంలో 1985లో పన్నెండుమందితో మొదలైన కో-ఆపరేటివ్ హోమ్ కేర్ అసోసియేట్స్ ఈ విషయంలో మనకు మంచి పాఠం. నేడు అందులో పనిచేసేవారు వేలమంది. అత్యధికులు నల్లజాతి, లాటిన్ అమెరికన్ స్త్రీలు. వెయ్యి డాలర్ల వాటా; మొదట యాభై కట్టి మిగతాది జీతంలోంచి కొద్దికొద్దిగా తీర్చవచ్చు. శిక్షణ ఉచితం. డైరెక్టర్లలో ఎక్కువమందిని పనివారే ఎన్నుకుంటారు. సంఘానికి తామే యజమానులై ఉండి కూడా వారు ట్రేడ్ యూనియన్‌లో చేరారు! పైకి ఇది వింతగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది వారి వివేకానికి గుర్తు. ఎందుకంటే సంఘానికి వచ్చే డబ్బులో ప్రధాన భాగం పేదల వైద్యానికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ సొమ్ము. గంటకు ఎంత అనేది నిర్ణయించేది సంఘం కాదు. ఆ రేటు పెరగకుండా యజమానితనం ఒక్కటే కూలిని ఎంతో పెంచలేదు. ఉత్పత్తిదారుల సహకార సంఘం పోటీలో నిలబడటానికి తన్ను తానే దోచుకోవలసి వస్తుందని రోజా లక్సెంబర్గ్ చేసిన హెచ్చరిక ఇదే. ఇటలీ 1991లో 381వ నంబరు చట్టంతో సామాజిక సహకార సంఘాలకు గుర్తింపు ఇచ్చింది. అక్కడ కొన్ని మునిసిపాలిటీలు తాము చేయవలసిన శుశ్రూషను ఆ సంఘాలకు అప్పజెప్పి, ప్రభుత్వోద్యోగి జీతం కంటే తక్కువతో సరిపెట్టుకున్నాయన్న విమర్శ ఉన్నది. సహకారం పేరిట ప్రభుత్వం బాధ్యత దించుకోవడం అంటే ఇదే.

అందుచేత సహకారోద్యమం వట్టి సంస్కరణవాదమని కొట్టిపారేద్దామా? మార్క్స్ 1864లో ఇంటర్నేషనల్ ప్రారంభోపన్యాసంలో సహకార కర్మాగారాలను శ్రామికుల పెద్ద విజయంగా లెక్కించాడు. చిన్న వలయంలో మిగిలిపోతే అవి ప్రజాసామాన్యాన్ని విముక్తి చేయలేవని కూడా అక్కడే అన్నాడు. మనవారు తమ అవసరాన్నిబట్టి ఒక సగాన్నే చదువుతారు.

మన దగ్గర అసలు జబ్బు వేరే. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చి, ప్రభుత్వ జోక్యం లేకుండా సంఘాలు బతకవచ్చునని దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. అదే గడ్డమీద ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకు 2013 ఎన్నికల తరువాత ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీలు! అటువంటి పరపతి సంఘాలు రెండువేలకు జన్ ఔషధి కేంద్రాలు తెరిచే అవకాశం ఇస్తామని కేంద్రం 2023లో నిర్ణయించింది. చౌకమందు దొరికితే మంచిదే, కాదనను. కాని సభ్యుడు ఓటువేయని సంఘం ప్రభుత్వ డిపో అవుతుంది. ప్రభుత్వం మారితే బోర్డూ మారుతుంది.

అహమ్మదాబాదులో "సేవ" స్త్రీ శ్రామిక సంస్థ ప్రోద్బలంతో 1990లో రిజిస్టరైన లోక్ స్వాస్థ్య సహకార సంఘం మరో దారి తొక్కింది. దాని వాటాదారులలో మంత్రసానులున్నారు - ఊరివారు పిడికెడు బియ్యమో పాత చీరో చేతిలోపెట్టి, అదే కూలి అనుకుని పంపించివేసే స్త్రీలు. ఆ సంఘం చౌకగా మందులమ్మే షాపులు నడుపుతుంది. షాపుల మిగులు ఆరోగ్యపు పనికి ఆసరా అవుతుంది. నేను పైన చెప్పిన వైరుధ్యానికి ఇది పూర్తి సమాధానం కాదు. కాని ఇక్కడ రెండు ధర్మాలూ ఒకే లెక్కపుస్తకంలోకి వచ్చాయి. మాత్ర మీద ఎంత తగ్గించాలి, ఇల్లిల్లూ తిరిగే ఆమెకు ఎంత ఇవ్వాలి అన్నది ఎక్కడో తేలే లెక్కగా కాక, సర్వసభ్య సమావేశంలో నిలబడి అడగగల ప్రశ్న అవుతుంది. హైదరాబాదు అపార్టుమెంట్లలో రాత్రి షిఫ్టు చేసే అమ్మాయికి అటువంటి సమావేశం లేదు. మరుసటి రాత్రి ఏ ఇంటికి పంపుతారో ఫోనులో చెప్పేవారే ఉన్నారు.