భయపడియు అడిగిన నెహెమ్యా

వాక్యభాగము: నెహెమ్యా 1, 2 అధ్యాయములు



గత నెలలో ఒక సాయంకాలము ప్రార్థన ముగిసిన తరువాత మన సంఘములోని ఒక తండ్రి మాయొద్దకు వచ్చెను. "అయ్యగారూ, మా పిల్ల నర్సు చదువుకు పట్నం పోతానంటుంది. ఉన్నదే ఎకరం పొలం. తాకట్టు పెట్టమంటారా?" అని అడిగెను. "ఉన్నదానితో తృప్తిపడుట మేలు" అని చెప్పి అతనిని పంపివేసితిమి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మేము చెప్పినది విశ్వాసపు మాటయా, పిరికితనపు మాటయా?

మరునాడు నెహెమ్యా చరిత్ర మరల చదివితిమి. అతడు షూషను కోటలో రాజునకు గిన్నె అందించువాడు. అతనికి ఏ కొదువయు లేదు. అయినను పాడుపడిన యెరూషలేము ప్రాకారమును కట్టవలెనను ఆశ దేవుడు అతని హృదయములో పుట్టించెను. అతడు ఏమి చేసెనో గమనించుడి.

మొదట ప్రార్థించెను. కిస్లేవు మాసము మొదలు నీసాను మాసము వరకు, ఇంచుమించు 4 నెలలు, కనిపెట్టెను.

తరువాత అడిగెను. రాజు ప్రశ్నించినప్పుడు అతడు మిక్కిలి భయపడెను. అయినను సెలవు అడిగెను, పత్రికలు అడిగెను, మ్రానులు అడిగెను. ఎంతకాలము పట్టునో కూడ చెప్పెను.

పిమ్మట లెక్క చూచెను. రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి, కూలిన గోడలను కన్నులార చూచిన తరువాతనే జనులను పనికి పిలిచెను. 52 దినములలో ప్రాకారము ముగిసెను.

భయపడువానికి విశ్వాసము లేదని తలంచకుడి. లెక్క చూచుకొనుట అవిశ్వాసమనియు తలంచకుడి. గోపురము కట్టగోరువాడు ముందుగా ఖర్చు చూచుకొనవలెనని మన ప్రభువే బోధించెను.

మన తెలుగువారి మధ్యకు వచ్చిన అజరయ్య గారిని జ్ఞాపకము చేసికొనుడి. ఆయన తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు, వై.ఎం.సి.ఏ. కార్యదర్శి. 1903లో స్నేహితులతో కలిసి భారతీయులే నడుపు మిషనరీ సంఘమును స్థాపించెను. ఇతరులను పంపుటతో తృప్తిపడక, 1909లో ఆ ఉద్యోగము విడిచి, నైజాము రాజ్యములోని దోర్నకల్లుకు తానే వచ్చెను. తెలుగు నేర్చుకొనెను. 1912లో ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్పు ఆయెను. 1945లో దోర్నకల్లులోనే ప్రభువునందు నిద్రించెను.

ఇది తలంచుకొని మేము ఆ తండ్రి యింటికి వెళ్లి, తొందరపడి మాటలాడినందుకు క్షమింపుమని అడిగితిమి. పిమ్మట ఆ బిడ్డను, "ఎందుకమ్మా ఈ చదువు?" అని అడిగితిమి. "నానమ్మ జ్వరంతో పడి ఉంటే సూది వేసేవాళ్లు మన ఊళ్లో లేరు గదా, అయ్యగారూ" అనెను. అందరము మోకరించితిమి. తరువాత కాగితము తీసికొని ఫీజెంత, హాస్టలు ఖర్చెంత, వడ్డీ యెంత అని వ్రాసితిమి. లెక్క ఇంకను కుదరలేదు. పొలము తాకట్టు పెట్టుమని గాని, వద్దని గాని మేము చెప్పలేదు. ఆ తీర్మానము ఆ కుటుంబము దేవుని యెదుట చేసికొనవలెను.

అయితే ప్రియులారా, ఆ ప్రాకారమును నెహెమ్యా ఒక్కడే కట్టలేదు. ఎవరి యింటి యెదుటి భాగమును వారు కట్టిరి. మన తల్లులు తెచ్చు పిడికెడు బియ్యపు కానుకలో కొంత ఆ బిడ్డ చదువునకు ఇయ్యవలెనని సంఘపెద్దలను కోరియున్నాము. మీ యిండ్లలో కూడ ఇట్టి ఆశగల బిడ్డలుందురు. మావలె తొందరపడి వద్దనకుడి. వారితో కూడ ప్రార్థించుడి, లెక్క చూడుడి, అడుగుడి.

ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.