పాత ఇంటికి కొత్త కళ

గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ టేకు స్తంభాలు, పైన పెంకు. అలాంటి ఇంటిని బాగుచేయించాలనుకుంటే అంతా ఒక్కసారే విప్పకండి. గది తర్వాత గది చేయించుకోండి.

ముందు పైకప్పు. కప్పు కారుతుంటే కింద వేసిన రంగంతా వృథా. తర్వాత వంటగది. అక్కడి పాత వైరింగు మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్‌ల బరువు మోయలేదు. ఎర్తింగుతో సహా కొత్తది వేయించాలి.

ఇక గోడలు. ఇక్కడే నా మనసు కలుక్కుమంటుంది. సున్నపు గోడ తేమను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, పూత పెచ్చులుగా ఊడుతుంది. ఎన్ని మంచి ఇళ్లు ఇలా పాడైపోయాయో! సున్నపు గోడకు సున్నమే మందు. వెల్ల వేయించండి, ఇష్టమైతే కాస్త రంగు కలిపించండి. చీకటి గదికీ వెలుగొస్తుంది.

స్తంభాల మీది పెయింటు తీయిస్తే అసలు టేకు అందం బయటపడుతుంది. కానీ పాత పెయింటులో సీసం ఉండొచ్చు. తడిపి గీకించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీ మీ చుట్టుపక్కల ఉంటే, వానలు రాకముందే కబురు పెట్టండి.