రెండో బాణం

సల్ల సుత్తంలో బుద్ధుడు రెండు బాణాల సంగతి చెప్పాడు. మొదటిది ఒంటికి తగిలే నొప్పి, రెండోది దాని మీద మనసు పడే కుమిలిపాటు. మరి చిన్నతనంలోనే లైంగిక హింసకు గురైన ఆడపిల్లకు ఆ రెండో బాణం ఎవరిచ్చారు? మనమే. "ఆడికెందుకు పోయినవ్? ఎవ్వరికీ చెప్పకు" అంటాం. తప్పు తనదేనని ఆమె నమ్మేదాకా వదలం.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాటి అసెంబ్లీ వైపు పోతే హాకా భవన్ వస్తుంది. అక్కడ 2016లో పోలీసుల భరోసా కేంద్రం, 2018లో పిల్లల కోర్టు మొదలైనయి. పోక్సో చట్టం ప్రకారం సాక్ష్యం చెప్పే పాపకు నిందితుడు కనపడకూడదు, ఆమెను మాటిమాటికీ పిలవకూడదు, దబాయించి అడగకూడదు. చట్టానికి తెలిసిన ఈ మాత్రం కరుణ మన ఇండ్లకు తెల్వదా?

ధ్యానం గాయాన్ని మాన్పుతుంది, కానీ తొందర పెట్టకండి. కళ్లు మూస్తే పాత భయం తిరిగొచ్చే పిల్లను కళ్లు తెరిచే కూర్చోనివ్వండి, కావాలంటే తలుపు పక్కనే. నడుస్తూ అడుగులు గమనించినా ఎరుకే కదా!

భర్తనూ, బిడ్డలనూ, కన్నవాళ్లనూ పోగొట్టుకుని ఒంటి మీద గుడ్డ లేకుండా తిరిగిన పటాచారను జనం తరిమారు. బుద్ధుడు దగ్గరికి రానిచ్చాడు. ముందు ఆమెకు గుడ్డ అందింది, బోధ తర్వాత. కొన్నాళ్లకు దుఃఖంలో ఉన్న ఆడవాళ్లు పటాచారను వెతుక్కుంటూ వచ్చారు.